పండగ తర్వాత మిగిలిన నూనెను ఏం చేయాలి?

సంక్రాంతికి జంతికలు, అరిసెలు, సకినాలు వండిన ఇంట్లో మర్నాడు పొయ్యి గట్టు మీద ఒక గిన్నె కనబడుతుంది. పైన మూత, లోపల ముప్పావు లీటరో లీటరో గోధుమరంగు నూనె, అడుగున నల్లటి మడ్డి. పారబోద్దామంటే చేతులు రావు. మళ్లీ వాడదామంటే భయం. ఆ నూనె తింటే క్యాన్సర్ ఖాయమని వాట్సాప్‌లో ఎవరో పంపిన మెసేజ్ చెబుతుంది. "మేమంతా అలా వండుకుని తిన్నవాళ్లమేనమ్మా, మాకేమైంది?" అని అత్తగారు అంటారు. ఆ వాదన మధ్యలో నూనె ఇంకో వారం అక్కడే ఉంటుంది.

ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత అతి ఉంది. డాక్టర్లను, డైటీషియన్లను అందరూ అడిగేది "ఎన్నిసార్లు వాడొచ్చు?" అనే. నాకైతే ఆ లెక్కే మనల్ని పక్కదారి పట్టిస్తోందనిపిస్తుంది. పొగలు కక్కేదాకా కాచి, మాడిన పిండి అందులోనే వదిలేస్తే నూనె ఒక్క పూటలోనే పాడవుతుంది. మీడియం మంట మీద పది పూరీలు వేయించి దించేసిన నూనెకు పెద్దగా ఏమీ కాదు. రెండింటినీ "ఒకసారి వాడినది" అనే అంటాం. ఎంత వేడి, ఎంతసేపు, అందులో ఏం పడింది, తర్వాత ఎలా దాచారు అన్నవి తెలియకుండా సార్లు లెక్కపెట్టి లాభం లేదు.

మూకుడులో ఏం జరుగుతుంది

నూనె అణువులో గ్లిసరాల్ అనే వెన్నెముకకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. బజ్జీలు, గారెలు వేగేది సుమారు 170 నుంచి 190 డిగ్రీల మధ్య. ఆ వేడి మీద నూనె మూడు రకాలుగా దెబ్బతింటుంది.

మొదటిది నీటి వల్ల. పిండి వేయగానే చిటపటమంటూ లేచే బుడగలు నూనెవి కావు, పిండిలోని నీరు ఆవిరై బయటకు వచ్చేవి. ఆ నీరే కొవ్వు ఆమ్లాలను గ్లిసరాల్ నుంచి కొంచెం కొంచెంగా విడగొడుతుంది. విడిపోయిన ఆమ్లాలు పెరిగేకొద్దీ నూనె తక్కువ వేడికే పొగ వదలడం మొదలుపెడుతుంది. కొత్త ప్యాకెట్ పోసినప్పుడు పొగ రాని మంట మీదే, రెండు మూడుసార్లు వాడిన నూనె పొగలు చిమ్మేది ఇందుకే.

రెండోది గాలి వల్ల. గాలిలోని ఆక్సిజన్ నూనెతో కలిసి ముందు పెరాక్సైడ్లు తయారవుతాయి. అవి నిలవవు. వేడికి విరిగిపోయి ఆల్డిహైడ్లు అనే చిన్న చిన్న పదార్థాలుగా మారతాయి. వీటిలో కొన్నింటికి ఘాటు వాసన ఉంటుంది, కొన్ని మన కణాల్లోని ప్రొటీన్లకు, డీఎన్‌ఏకు అతుక్కోగలవు. నూనె మాడినప్పుడు కళ్లు మండించి గొంతు పట్టేసే పొగలో ఉండే ఎక్రోలిన్ ఈ జాతిదే.

మూడోది, విరిగిన ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులుగా మారడం. నూనె చిక్కబడి తీగ సాగినట్టు జారుతుంది, పైన నురగ కడుతుంది. మూకుడు అంచున, చిల్లుల గరిటె కాడ దగ్గర, పసుపుపచ్చగా వార్నిష్ పూసినట్టు ఒక జిగురు పట్టేసి ఉంటుంది చూడండి. స్టీలు పీచుతో ఎంత రుద్దినా వదలదు. అది ఇలా గట్టిపడిన నూనే. పాత ఇనప మూకుడు లోపల నున్నగా మెరిసే నల్లటి పొర కూడా అదే కోవలోది. అక్కడ అది మేలే చేస్తుంది. ఇనుము, రాగి నేరుగా తగిలితే నూనె తొందరగా ఆక్సీకరణ చెందుతుంది, ఆ పొర అడ్డుపడుతుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించడం వెనక ముఖ్య కారణం వేరే ఉన్నా, నూనె విషయంలోనూ అది పనికొచ్చేదే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బజ్జీలు వేగుతున్నంతసేపూ నూనె మీద ఆవిరి పైకి ఎగజిమ్ముతూ ఉంటుంది కాబట్టి గాలి నూనెను అంతగా తాకలేదు. వాయికీ వాయికీ మధ్య మూకుడు ఖాళీగా మంట మీద ఉన్నప్పుడు ఆ రక్షణ ఉండదు. అంటే ఏమీ వేయించకుండా కాగుతున్న నూనె, వేయిస్తున్న నూనె కన్నా తొందరగా గాలి బారిన పడుతుంది. ఫోన్ వచ్చిందని పొయ్యి కట్టకుండా పక్కకు వెళ్లడం నూనెకు మంచిది కాదు. నూనెకే కాదు, ఇంటికీ మంచిది కాదనుకోండి.

ఇంకొకటి. నాలుగు గంటలు ఏకబిగిన కాచిన నూనె కన్నా, రోజుకో గంట చొప్పున కాచి చల్లార్చి, మళ్లీ కాచి చల్లార్చి, అలా నాలుగు గంటలు పూర్తి చేసిన నూనె ఎక్కువ చెడిపోతుంది. చల్లారేటప్పుడు నూనెలోకి గాలి ఎక్కువగా కరుగుతుంది, పెరాక్సైడ్లు పోగుపడతాయి. మళ్లీ పొయ్యి ఎక్కించగానే అవన్నీ ఒక్కసారిగా విరుగుతాయి. "మళ్లీ కాచకూడదు" అనే మాటకు రసాయనశాస్త్రంలో ఉన్న ఆధారం ఇదే. మన ఇళ్లలో నూనె వాడే పద్ధతి సరిగ్గా ఇదే కావడం ఇబ్బంది.

పాతిక శాతం గీత

నూనె ఎంత పాడైందో కొలవడానికి ఒక కొలమానం ఉంది. పైన చెప్పిన మూడు మార్పుల్లోనూ పుట్టే పదార్థాలను కలిపి "టోటల్ పోలార్ కాంపౌండ్స్", పొట్టిగా టీపీసీ అంటారు. కొత్త నూనెలో ఇవి కొద్ది శాతమే ఉంటాయి. నూనెలో పాతిక శాతం దాటితే అది తినడానికి పనికిరాదని యూరప్‌లో చాలా దేశాలు ఎప్పుడో గీత గీశాయి. జర్మనీలో అది 24 శాతం. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా 25 శాతమే పెట్టింది. అది 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది.

పాతిక శాతం అంటే మూకుడులో ఉన్న నూనెలో నాలుగో వంతు అసలు నూనె కాదన్నమాట. 24 దగ్గర అమృతం, 26 దగ్గర విషం అని కాదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు. ఇంట్లో ఒక పూట పూరీలు వేయించిన మంచి నూనె మామూలుగా ఈ గీతకు చాలా దూరంలో ఉంటుంది. టీపీసీ కొలిచే చేతి మీటర్లు ఉన్నాయి. వేడి నూనెలో కడ్డీ ముంచితే నూనె విద్యుత్ గుణం మారిన తీరును బట్టి అంకె చూపిస్తాయి. హోటళ్లకు అవి పనికొస్తాయి, ఇంటికి కొనేంత అవసరం లేదు.

మరి ఇంట్లో ఎలా తెలుస్తుంది? రంగు చూసి చెప్పేస్తాం అనుకుంటాం గానీ రంగు అంత నమ్మదగ్గది కాదు. బెల్లం పాకంతో చేసే అరిసెలు, శనగపిండి, పసుపు, కారం నూనెను ఇట్టే నల్లబరుస్తాయి, లోపల పెద్దగా చెడకపోయినా. వడియాలు, అప్పడాలు వేయించిన నూనె లేత రంగులోనే ఉండి, లోపల బాగా చెడి ఉండొచ్చు. నురగ మంచి గుర్తే, కానీ హోటళ్లకు అమ్మే కొన్ని వేపుడు నూనెల్లో నురగ రాకుండా సిలికోన్ కలుపుతారు. వాటిలో నురగ కోసం చూస్తూ కూర్చుంటే ఎప్పటికీ రాదు. నాకు తెలిసి ఇంట్లో అందరికీ అందే గుర్తులు రెండు. మామూలు మంట మీదే పొగ రావడం ఒకటి, వాసన రెండోది. పాత నూనె వాసన, చేపల వాసన లాంటిది, రంగు వేసిన గోడ దగ్గర వచ్చే వాసన లాంటిది తగిలితే ఇక ఆలోచించాల్సిన పని లేదు.

ఒంట్లోకి వెళ్లాక

ఇక్కడే వాట్సాప్‌కీ పరిశోధనకీ దారులు విడిపోతాయి. కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్పుకుందాం.

జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఫలితం చాలావరకు ఒకే దిక్కు చూపిస్తుంది. మలేసియాలోని యూనివర్సిటీ కెబాంగ్‌సాన్ పరిశోధకులు ఎలుకలకు తాజా నూనె, ఐదుసార్లు కాచిన నూనె, పదిసార్లు కాచిన నూనె కలిపిన మేత నెలల తరబడి పెట్టి చూశారు. సోయా నూనెతో, పామాయిల్‌తో వేర్వేరుగా చేశారు. మళ్లీ మళ్లీ కాచిన నూనె తిన్న ఎలుకల్లో రక్తపోటు పెరిగింది, రక్తనాళాల గోడల్లో మార్పులు కనిపించాయి. అయితే ఎలుకలకు మేతలో పెట్టినంత నూనె మనం తినం. దారి ఎటు ఉందో ఎలుకలు చెబుతాయి. దూరం ఎంతో చెప్పలేవు.

మనుషుల మీద ఆసక్తికరమైన ప్రయోగం 1999లో న్యూజిలాండ్‌లో వచ్చింది. పదిమంది మగవాళ్లకు ఒకరోజు తాజా కొవ్వుతో, ఇంకోరోజు ఒక ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో వాడిన వేపుడు కొవ్వుతో భోజనం పెట్టి, తర్వాత చేతి రక్తనాళం ఎంత బాగా వ్యాకోచిస్తుందో కొలిచారు. తాజా కొవ్వు తిన్నప్పుడు పెద్ద తేడా లేదు. వాడిన కొవ్వు తిన్న నాలుగు గంటలకు ఆ వ్యాకోచించే గుణం బాగా పడిపోయింది. చాలామంది నిపుణులు ఈ ఒక్క ప్రయోగాన్నే పట్టుకుని మాట్లాడతారు. 2007లో కొలంబియాలో ఇలాంటిదే చేస్తే మాత్రం ఫలితం వేరేగా వచ్చింది. ఆలివ్, సోయా, పామ్ నూనెల్లో ఏది పెట్టినా, తాజాదైనా కాచినదైనా, రక్తనాళాల పనితీరు కాసేపు ఒకేలా తగ్గింది. అంటే ఒక్క పూట ఎక్కువ నూనె తినడమే రక్తనాళాలకు భారం, కాచిన నూనె దానికి అదనంగా ఎంత కలుపుతుందన్నది ఇంకా తేలలేదు. రెండు ప్రయోగాల్లోనూ మనుషులు కొద్దిమందే.

ఇళ్లలోని నూనెను నేరుగా పరీక్షించిన అధ్యయనం ఒకటి స్పెయిన్‌లో జరిగింది. మాలగా దగ్గర పిజారా అనే ఊళ్లో వంటిళ్లలో వాడుతున్న నూనె నమూనాలు తీసుకెళ్లి ల్యాబ్‌లో టీపీసీ కొలిచారు, ఆ ఇళ్లవాళ్ల బీపీ చూశారు. 2003లో వచ్చిన ఫలితం ప్రకారం, నూనె ఎక్కువగా పాడైన ఇళ్లలో అధిక రక్తపోటు ఎక్కువగా కనిపించింది. ఇది ఒక సమయంలో తీసిన ఫొటో లాంటి అధ్యయనం కాబట్టి నూనె వల్లే బీపీ వచ్చిందని తేల్చి చెప్పలేం. నూనెను అంతలా సాగదీసి వాడే ఇంట్లో మిగతా పరిస్థితులు కూడా వేరుగా ఉండొచ్చు కదా.

అదే స్పెయిన్‌లో 40,757 మందిని సుమారు 11 ఏళ్లు గమనించిన పెద్ద అధ్యయనం 2012లో వచ్చింది. వేపుళ్లు బాగా తినేవాళ్లకు, తక్కువ తినేవాళ్లకు గుండె జబ్బుల్లో తేడా కనబడలేదు! ఈ వార్త బయటకు రాగానే "వేపుళ్లు తింటే ఏమీ కాదు" అని పత్రికలు రాసేశాయి. పరిశోధకులు మాత్రం ఒక మాట జాగ్రత్తగా చెప్పారు. అక్కడ వేయించేది ఎక్కువగా ఇంట్లోనే, ఆలివ్ నూనెలోనో పొద్దుతిరుగుడు నూనెలోనో, అదే నూనె పదేపదే వాడే అలవాటు తక్కువ. బయట ఫాస్ట్‌ఫుడ్ ఎక్కువగా తినే అమెరికా లాంటి చోట్ల అధ్యయనాలు కూడా కలిపి 2021లో ఒక సమీక్ష వేసిన లెక్క వేరు. వేపుళ్లు అందరికన్నా ఎక్కువ తినేవాళ్లకు, అందరికన్నా తక్కువ తినేవాళ్లతో పోలిస్తే గుండె రక్తనాళాల జబ్బు ముప్పు 22 శాతం, గుండె వైఫల్యం ముప్పు 37 శాతం ఎక్కువని తేలింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది, ఇంటి మూకుడు వేరు, బయటి మూకుడు వేరు అని. ఇంట్లో మంచి నూనెలో అప్పుడప్పుడు వేయించుకుని తినడానికి, సాయంత్రం పూట రోజూ రోడ్డు పక్కన తినడానికి మధ్య తేడాను ఎవరూ విడిగా కొలిచింది లేదుగానీ, ఉన్న ఆధారాలన్నీ ఆ వైపే మొగ్గుతున్నాయి.

మరి క్యాన్సర్ సంగతి? వాడిన నూనె తినడం వల్ల మనుషుల్లో క్యాన్సర్ వస్తుందని నేరుగా నిరూపించిన బలమైన ఆధారం లేదు. దీంతో తరచూ కలిపేసి మాట్లాడేవి రెండున్నాయి. ఒకటి ఎక్రిలమైడ్, క్యాన్సర్ కలిగిస్తుందేమోనని అనుమానించే ఒక రసాయనం. 2002లో స్వీడన్ పరిశోధకులు చిప్స్‌లో, వేయించిన బంగాళాదుంపల్లో దీన్ని కనిపెట్టి పెద్ద గగ్గోలే లేపారు. ఇది నూనెలోంచి వచ్చేది కాదు. పిండి పదార్థాలున్న తిండి బాగా ఎర్రగా వేగినప్పుడు ఆ తిండిలోనే పుడుతుంది. నూనె ఎంత కొత్తదైనా, చివరికి ఎయిర్ ఫ్రయర్‌లో చేసినా ఎర్రగా మాడ్చితే వస్తుంది. రెండోది పొగ. దీని గురించి మనం మాట్లాడుకోవలసినంత మాట్లాడుకోవడం లేదు.

పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఎక్కువ వేడి మీద వేయించేటప్పుడు వచ్చే పొగను "బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే 2ఎ జాబితాలో చేర్చింది. దానికి ముఖ్య ఆధారం చైనాలో సిగరెట్ అలవాటు లేని ఆడవాళ్లలో కనిపించిన ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద చేసిన అధ్యయనాలు. గాలి ఆడని వంటిళ్లలో, పొగలు వచ్చేదాకా కాచిన నూనెలో ఏళ్ల తరబడి వండిన ఆడవాళ్లు వాళ్లు. తర్వాత ఎక్రోలిన్‌ను కూడా అదే జాబితాలో చేర్చారు. ఈ జాబితా ఆధారాలు ఎంత గట్టివో చెబుతుంది తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. అయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. వాడిన నూనె తక్కువ వేడికే పొగ వదులుతుంది కాబట్టి ఆ నూనెతో వండేవాళ్లు తినేవాళ్ల కన్నా ముందు నష్టపోతారు.

పండగ వంటకు నాలుగైదు గంటలు పొయ్యి ముందు కూర్చునేది ఎవరో వేరే చెప్పాలా? చలికాలమని కిటికీ మూసేసి, గాలి వస్తే మంట ఆరిపోతుందని ఫ్యాన్ కట్టేసి వండుతారు. బజ్జీ బండి అబ్బాయి సంగతి ఇంకా కష్టం. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ పొగలోనే నిలబడతాడు, వారానికి ఆరు రోజులో ఏడు రోజులో. మన చర్చంతా ఆ బజ్జీ తినే కస్టమర్ గురించే జరుగుతుంది.

ట్రాన్స్‌ఫ్యాట్ అనే అపోహ

"నూనె మళ్లీ కాస్తే అంతా ట్రాన్స్‌ఫ్యాట్ (గుండెకు చెడు చేసే ఒక రకం కొవ్వు) అయిపోతుంది" అని టీవీ చర్చల్లో కూడా వినబడుతుంది. బాగా ఎక్కువ వేడి మీద, చాలాసేపు కాస్తే కొంత ట్రాన్స్‌ఫ్యాట్ పుట్టే మాట నిజమే, కానీ అది కొద్దిగానే. మన తిండిలో ట్రాన్స్‌ఫ్యాట్‌కు అసలు మూలం నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచిన వనస్పతి, దానితో చేసే బేకరీ సరుకు. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ ఎంత ఉండొచ్చనే పరిమితిని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తగ్గించింది. వాడిన నూనెను తప్పుపట్టడానికి ట్రాన్స్‌ఫ్యాట్ అక్కర్లేదు, ఆల్డిహైడ్లు చాలు.

ఏ నూనె తట్టుకుంటుంది

పొగ వచ్చే ఉష్ణోగ్రత ఎక్కువ ఉన్న నూనె వేపుడుకు మంచిదని చెబుతారు. అది సగం మాటే. రిఫైండ్ పొద్దుతిరుగుడు నూనె చాలా వేడిదాకా పొగ రానివ్వదు. కానీ మామూలు రకం పొద్దుతిరుగుడు నూనెలో దాదాపు 60 శాతం లినోలిక్ ఆమ్లం ఉంటుంది, గాలితో ఇట్టే కలిసేది అదే. పొగ రాకుండానే లోపల చెడుతుంది. వేరుశనగ నూనెలో ఆ ఆమ్లం పొద్దుతిరుగుడు నూనెలో ఉన్నదానిలో దాదాపు సగమే ఉంటుంది కాబట్టి మూకుడులో ఎక్కువ నిలబడుతుంది. నువ్వుల నూనెలో సెసమాల్ జాతి పదార్థాలు, తవుడు నూనెలో ఒరైజనాల్ సహజంగానే కాపలా కాస్తాయి. పామాయిల్ వేడికి గట్టిగానే నిలుస్తుంది. హోటళ్లవాళ్లు దాన్ని పట్టుకుని వేలాడటానికి చవకదనం ఒక కారణమైతే ఇది ఇంకో కారణం. అయితే అందులో సంతృప్త కొవ్వు దాదాపు సగం, అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. మూకుడుకు మంచిది గుండెకు మంచిది కాకపోవచ్చు. అందుకే వేపుడుకొక నూనె, కూరలకొక నూనె అని వేరు చేసుకోమంటారు.

గానుగ నూనె గురించి ఒక్క మాట. రిఫైండ్ నూనె కన్నా ఎంతో ఎక్కువ ధర పెట్టి గానుగ నూనె కొని, ఖరీదైనది కదా అని అదే నూనెను రెండు వారాలు మళ్లీ మళ్లీ కాచేవాళ్లు ఉన్నారు. గానుగ పట్టిన వేరుశనగ నూనె రిఫైండ్ దాని కన్నా తొందరగా పొగ వస్తుంది. కూరల్లో, పచ్చళ్లలో దాని రుచికి సాటి లేదు. దాన్ని బూరెల మూకుడు నిండా పోయడం దండగ.

బండి దగ్గర

"అన్నా, నూనె ఎప్పుడు మార్చావు?" అని అడిగితే "పొద్దున్నే పోశాను సార్" అంటాడు. అబద్ధం కాదది. పొద్దున్న పోశాడు, నిన్నటి దాని మీద. బజ్జీలు, పునుగులు పీల్చుకుపోయినంత మేర కొత్త నూనె కలుపుతాడు, మూకుడు మాత్రం ఎప్పుడూ ఖాళీ కాదు. కొత్త నూనె కలిపితే పాడైన దాని శాతం తగ్గే మాట నిజమే, లెక్క అదే చెబుతుంది. కానీ పాత నూనెలో ఉన్న పెరాక్సైడ్లు కొత్త నూనెలో కూడా అదే గొలుసుకట్టు చర్య మొదలుపెడతాయి. అందుకే కలిపిన కొత్త నూనె మామూలు కన్నా తొందరగా పాడవుతుంది.

దీనివల్ల తేలేది వినడానికి కొంచెం విచిత్రంగా ఉంటుంది. జనం విరగబడే బండి, ఈగలు తోలుకునే బండి కన్నా నయం. గిరాకీ ఉన్నచోట బజ్జీలతో పాటు పాత నూనె వెళ్లిపోతూ, కొత్త నూనె వచ్చి చేరుతూ ఉంటుంది. మూకుడు ఖాళీగా కాగే సమయం తక్కువ. పెద్ద చిప్స్ ఫ్యాక్టరీలు నూనెను అదుపులో పెట్టుకునే సూత్రం కూడా ఇదే. బేరం లేని బండి దగ్గర ఒకే నూనె గంటల తరబడి మంట మీద ఉంటుంది. నేనైతే బండి పక్కన నిలబడి పొగ కళ్లకు తగులుతోందా లేదా అని చూస్తాను. తగిలితే టీ తాగి వచ్చేస్తాను. బజ్జీలు వార్తాపత్రిక మీద పెట్టి ఇస్తే మాత్రం ఆకో ప్లేటో అడగండి. నూనెతో పాటు అచ్చు సిరా కూడా బజ్జీకి అంటుకుంటుందని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చాలాసార్లు హెచ్చరించింది.

బండివాళ్లను తిట్టడం తేలిక. నూనె డబ్బా ధర పెరిగిన ప్రతిసారీ బజ్జీ ధర పెంచలేడు, పెంచితే పక్క బండికి వెళ్లిపోతాం. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి సరుకే. అంతర్జాతీయ ధర కాస్త కదిలినా ఆ సెగ తగిలేది ఇక్కడే. పైగా పెద్ద హోటళ్లలో వాడేసిన నూనె చవగ్గా కొని చిన్న దుకాణాలకు అమ్మే వ్యాపారం కూడా ఉంది. ఆ గొలుసు తెంపడానికే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ఆగస్టు 10న "రూకో" పథకం తెచ్చింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించాలన్నది ఆలోచన. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లు దాటి నూనె వాడే సంస్థలు 2019 మార్చి 1 నుంచి లెక్కలు రాయాలి, వాడిన నూనెను నమోదైన ఏజెన్సీలకే ఇవ్వాలి. నిబంధన బాగానే ఉంది. అయితే 50 లీటర్ల గీత కింద ఉండే మెస్‌లు, టిఫిన్ సెంటర్లు, బండ్లే మన ఊళ్లలో ఎక్కువ. పాతిక శాతం నిబంధన వాటికీ వర్తిస్తుంది, కానీ మీటర్ పట్టుకుని అక్కడికి వచ్చేది ఎవరు? 2024లో హైదరాబాద్ హోటళ్ల మీద తెలంగాణ ఆహార భద్రతాధికారులు వరసగా దాడులు చేసినప్పుడు చాలామందికి ఈ శాఖ ఒకటుందని తెలిసింది.

ఇంట్లో మిగిలిన గిన్నె

మళ్లీ మన గిన్నె దగ్గరకు వద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో దీనికి సూటి జవాబు ఉంది. ఒకసారి వేపుడుకు వాడిన నూనెను వడకట్టి కూరలకు వాడుకోవచ్చు, మళ్లీ వేపుడుకు వాడొద్దు, అదీ ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి, దాచిపెట్టొద్దు. అత్తగారికీ కోడలికీ ఇద్దరికీ సగం సగం గెలుపు.

ఒకటి రెండు రోజుల్లో లీటరు నూనె ఖర్చు కాదు కదా అంటారు. అందుకే అసలు తక్కువ పోయాలి. లోతున్న చిన్న మూకుడు తీసుకుంటే పావు లీటరుతోనే గారెలు తేలతాయి, పైభాగం వెడల్పు తక్కువ కాబట్టి గాలి తగలడమూ తగ్గుతుంది. వాయిలు రెండు ఎక్కువ పడతాయి, అంతే. చెమ్మ ఎక్కువగా ఉన్న పిండి, ఉప్పు రాలడం, మాడిన పలుకులు, ఇవన్నీ నూనెను తినేస్తాయి. వాయికోసారి చిల్లుల గరిటెతో పలుకులు తీసేస్తే చాలా తేడా ఉంటుంది. ఉప్పూ కారం చల్లాలనుకుంటే పళ్లెంలోకి తీశాక చల్లండి. పొగ కనిపించిందంటే మంట ఎక్కువైనట్టే.

ఆ ఒకటి రెండు రోజులు ఉంచడానికైనా, దించాక చల్లారనిచ్చి, పలచటి బట్టలో వడకట్టి, గాజు సీసాలోనో స్టీలు డబ్బాలోనో నిండుగా పోసి వెలుతురు తగలని చోట పెట్టండి. సగం ఖాళీగా ఉన్న సీసాలో మిగతా సగం గాలే. పొయ్యి పక్కన మూత పెట్టిన గిన్నెలో ఉంచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అక్కడ వేడీ ఉంటుంది, వెలుతురూ ఉంటుంది, గాలీ తగులుతుంది. చేపలు, చికెన్ వేయించిన నూనెను మాత్రం దాచే ఆలోచన పెట్టుకోకండి. నెలల తరబడి నిలవుండే ఊరగాయల్లో, పొడుల్లో కూడా వాడిన నూనె పోయొద్దు, అప్పటికే మొదలైన చెడు సీసాలో పెరుగుతూ పోతుంది. కూరల్లో వాడేటప్పుడు కూడా దాన్ని పొగ వచ్చేదాకా కాచి పోపు పెడితే పద్ధతి పాటించిన లాభం లేదు. ఉల్లిపాయలు, కూరగాయలు ముందే వేసి మగ్గబెట్టే కూరలైతే మేలు.

ఇక పారబోయాల్సింది సింకులో పోయకండి. కాలువలోకి వెళ్లిన నూనె చల్లబడి, చెత్తతో కలిసి గట్టిపడుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద మురుగు గొట్టంలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు దిమ్మ దొరికింది. దాన్ని పగలగొట్టి తీయడానికి వారాలు పట్టింది. మన నగరాల్లో డ్రైనేజీ పొంగినప్పుడు మ్యాన్‌హోల్‌లో దిగే కార్మికులను అడిగితే హోటళ్ల దగ్గర ఏం పేరుకుంటుందో చెబుతారు.

కొన్ని నగరాల్లో అపార్ట్‌మెంట్ల నుంచి వాడిన నూనె తీసుకెళ్లే సంస్థలు ఉన్నాయి. అసోసియేషన్ ఒక డ్రమ్ము పెట్టి నెలకోసారి పిలిస్తే వస్తారు, లీటరుకింత అని డబ్బు కూడా ఇస్తారు. ఇచ్చే ముందు వాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఆ నూనె తిరిగి ఏ మూకుడులోకి చేరుతుందో చెప్పలేం. అలాంటి సౌకర్యం లేని ఊళ్లో, చల్లారిన నూనెను రంపపు పొట్టులోనో పాత గుడ్డలోనో ఇంకించి, కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చేయడమే.